జారని ముడి

అడవి బేస్ క్యాంపు
17 జనవరి 2025, శుక్రవారం

నౌషాద్ భాయ్‌కి సలాం.

నీ చెల్లెలు బతికే ఉంది. ముందు ఆ మాట అమ్మీకి చెప్పి, తర్వాత మిగతాది చదువు. ఫోన్ కలవలేదంటే పులి తినేసిందని కాదు, ఇక్కడ సిగ్నల్ లేదు. వైర్‌లెస్ సెట్ ఉంది గానీ, అందులో అన్నం తిన్నానని అమ్మీకి చెబితే ఫారెస్టు రేంజ్ మొత్తం వింటుంది. శనివారం శనివారం మాచర్ల నుంచి రేషన్ తెచ్చే జీపే మాకు పోస్టాఫీసు. డ్రైవర్ శ్రీకర్ ఉత్తరం బండ్ల రిపేరు షాపులో నీ చేతికే ఇస్తానన్నాడు. పదో తరగతి తర్వాత ఇంత తెలుగు రాయడం ఇదే, తప్పులుంటే నవ్వొద్దు.

క్యాంపులో అయిదుగురం. బీట్ ఆఫీసర్ని నేను, మిగతా నలుగురూ చెంచు వాచర్లు. వాళ్ళలో పెద్దవాడు అంకన్న. యాభై దాటాయి, చెప్పుల్లేకుండా నడుస్తాడు, ఆయన వెనక పరిగెత్తాల్సింది నేను. పదహారు కిలోమీటర్లు నాలుగు గంటల్లో నడిచి ఈ ఉద్యోగం తెచ్చుకున్నానని గొప్పగా చెబితే, "ఎవురు తరిమినారమ్మా?" అని అడిగాడు.

ఈ వారం అడవి అంచున, చేల పక్కన ఉచ్చులు ఏరే పని పడింది. ఏడు తీశాం. కేసు వివరాలు ఇంటికి రాయకూడదు. చేతులు కోసుకుపోయాయి, అంతే.

ఒక సంగతి అడగాలి. పాత క్లచ్ వైర్లు ఇంకా దాచిపెడుతున్నావా? చివర నీ పద్ధతిలో ఉంగరంలా కన్ను వేసి, కొసలు లోపలికి దూర్చి ఇస్తున్నావా? ఎవరికి ఇస్తున్నావో రాయి. ఊరికే గుర్తొచ్చి అడుగుతున్నాను.

భాభీకి సలాం. నా దుప్పటి ఎవరూ కప్పుకోవద్దని చెప్పు.

ఇష్రత్


మాచర్ల
24 జనవరి 2025

ఇష్రత్‌కి అన్న దీవెనలు.

నీ ఉత్తరం అమ్మీకి రెండుసార్లు చదివి వినిపించాను. పులి మాట వదిలేశాను. అంతా విని, "ఆ పిల్ల ఏం తింటందో రాయలేదేందిరా" అంది. కాబట్టి ఈసారి కూరల పేర్లతో సహా రాయి. లేకపోతే నాకు ఇక్కడ నిలవనీడ ఉండదు.

ఉచ్చులు ఏరడం కూడా ఒక ఉద్యోగమేనా? మా చిన్నప్పుడు కౌజు పిట్టల కోసం గుర్రం వెంట్రుకలతో ఉచ్చులు పెట్టేవాళ్ళు. వాటికి చేతులు కోసుకుపోవడమేమిటి? బ్యాంకు పరీక్ష రాయమన్నాను. ఫ్యాను కింద కూర్చునేదానివి. సరే, ఆ పాత పాట మళ్ళీ ఎత్తను.

వైర్ల సంగతికి వస్తాను. నీ అడుగుడు నాకు తెలియదా? చిన్నప్పుడు జామకాయ కావాలంటే, "భాయ్, ఆ చెట్టుకు కాయలున్నాయా?" అనేదానివి. క్యాంపులో టార్పాలిన్లు కట్టుకోవడానికి వైర్లు కావాలని తిన్నగా అడిగితే నీ సొమ్మేం పోయింది? డజను పంపుతున్నాను. అన్నిటికీ కన్ను వేశాను, గ్రీజు పట్టించాను. నీకు తొమ్మిదేళ్ళప్పుడు విడి పోగు అరచేతిలో దిగబడి, చీముపట్టి, పది రోజులు బడి మానేశావు. అప్పటి నుంచి కొస బయటికున్న వైరు ఒక్కటి నా షాపు గడప దాటలేదు. కన్నుకు నేను వేసే ముడి సంగతి నీకు తెలిసిందే. లాగే కొద్దీ బిగుస్తుంది గానీ జారదు. విప్పాలంటే వైరు చివరనున్న సీసం గుండును ముందు లోపలికి నెట్టి, ఎడమకు అర చుట్టు తిప్పాలి. ఆ కిటుకు నీకూ నాకూ తప్ప మాచర్లలో మూడో మనిషికి తెలియదు.

ఎవరికి ఇస్తున్నానంటావా? ఏడాదిగా తీసుకెళ్ళింది ఒక్క సుబ్బారావు బాబాయే. అడవి పక్క మొక్కజొన్న చేనుకు కంచె కట్టుకోవాలని రెండు దఫాలు, పదేసి పట్టుకెళ్ళాడు. నువ్వు నడక పరీక్షకు తయారయ్యేటప్పుడు ఆరు నెలలు కాలవ కట్ట మీద నీ వెనకే మోపెడ్ వేసుకుని గడియారం చూసిన మనిషి. ఆయనకు కాదంటానా? "మన ఇష్రత్ ఫారెస్టోళ్ళలో చేరిందిగా, మా చేలో పడే పందుల్ని తోలుకుపొమ్మను" అని నవ్వాడు.

కూరల పేర్లు మరిచిపోవద్దు.

నౌషాద్


బేస్ క్యాంపు
25 జనవరి, శనివారం

భాయ్,

ఇది షాపులో చదవొద్దు. ఇంటికి వెళ్ళి ఒక్కడివే కూర్చుని చదువు.

మేం ఏరుతున్న ఉచ్చులు వెంట్రుకలవి కావు. బండి వైర్లవి. కన్నులోంచి వైరును దూర్చి, ఉరి చేసి, చెట్టు మొదలుకు కట్టి, జంతువు తిరిగే దోవలో పెడతారు. అడవి పందుల కోసం పెడతారు. పంది మాత్రమే వస్తుందని ఏముంది?

మంగళవారం రేగుపండ్ల కోసం చేల వైపు దిగిన ఎలుగుబంటి నడుముకు ఉరి పడింది. ఆడది. మేం వెళ్ళేసరికి చుట్టూ నేలంతా దున్నేసి ఉంది. మత్తుసూది ఇచ్చే డాక్టరు బృందం కోసం వైర్‌లెస్‌లో చెప్పాం. వాళ్ళు వచ్చేలోగా ఊరి జనాన్ని దూరంగా ఆపుతూ నేనూ అంకన్నా మూడున్నర గంటలు నిలబడ్డాం. చెట్టు బెరడంతా ఊడివచ్చింది గానీ వైరు మాత్రం వదల్లేదు. డాక్టరు వచ్చేసరికి అది చచ్చిపోయింది. ఆ ముడి విప్పడం నాకు తెలుసు భాయ్. బతికున్నంతసేపూ దాని దగ్గరికి పోవడానికి లేదు. చచ్చాక నేనే విప్పాను. అంకన్న నా చేతుల వైపు చూశాడు.

మొదటి ఏడూ తీసినప్పుడే నీ ముడి గుర్తుపట్టాను. అందుకే ఆ ఉత్తరం. తిన్నగా అడిగే ధైర్యం లేక, నువ్వు కాదని రాస్తావన్న ఆశతో ఊరికే అని రాశాను. తప్పు నాది.

ఇవాళ మా రేంజ్ ఆఫీసర్ ప్రశాంతి మేడం కేసు పనిమీద అదే జీపులో వచ్చారు. బల్ల మీద ఎనిమిది ఉచ్చులూ పరిచి ఉన్నాయి. శ్రీకర్ నీ పొట్లం తెచ్చి వాటి పక్కనే పెట్టి, "మేడం, ఇష్రత్ వాళ్ళన్న మన క్యాంపుకి వైర్లు పంపించాడండి" అన్నాడు. వాడికేం తెలుసు? మేడం ఒక వైరు విప్పి కన్ను చూశారు. ఉచ్చు చూశారు. నన్ను చూశారు. "మీ అన్నదేనా?" అన్నారు. అవునన్నాను.

పొట్లం బల్ల మీదే ఉంది. ఉత్తరం మాత్రం శ్రీకర్ విడిగా ఇచ్చాడు. అది నా జేబులో ఉంది, చూపించలేదు. సోమవారం నిన్ను ఆఫీసుకు పిలుస్తారు. ఎవరికిచ్చావో నువ్వే చెప్పు. నువ్వు చెబితే ఆ మర్నాడే సుబ్బారావు బాబాయ్‌ని వెంటబెట్టుకుని చేను అంచు అంతా తిరిగి మిగతావి తీసేస్తాం. ఆయన పేరు నా నోటితో చెప్పడం నావల్ల కాదు. నడిపించిన మనిషి.

అమ్మీకి చెప్పొద్దు. వంకాయ, పప్పుచారు.

ఇష్రత్


మాచర్ల
31 జనవరి 2025

ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ గారికి,

మీ ఆఫీసుకు వెళ్ళొచ్చాను. ఇరవై రెండేళ్ళుగా షాపు నడుపుతున్నాను, ఏ ఆఫీసు బల్ల ముందూ నిలబడి పేరు చెప్పింది లేదు. ఆ ముచ్చట నీ ఉద్యోగం వచ్చాక తీరింది.

నీ మొదటి ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. "ఎవరికి ఇస్తున్నావో రాయి" అని ఉంది. చెల్లెలు అడిగిందనుకుని రాశాను. అడిగింది ఫారెస్టు అని తెలియలేదు. చేతికి చీముపడితే భుజం మీద ఆసుపత్రికి మోసుకెళ్ళినవాణ్ణి ఉత్తరంతో ఉచ్చు వేసి పట్టావు. నీకు మంచి పేరొస్తుంది.

సుబ్బారావు బాబాయ్ పేరు చెప్పలేదు. పాత వైర్లు షాపు బయట డబ్బాలో పడేస్తాను, ఎవరు తీసుకుపోతారో తెలియదన్నాను. కన్ను ఎందుకు వేస్తావని మీ మేడం అడిగింది. అలవాటన్నాను. అది నిజమే. కాగితం మీద సంతకం పెట్టించుకుని పంపేసింది.

నాకోసమే అబద్ధమాడాననుకున్నావేమో. ఆ చెమట, ఆ ఎండ, నీ వెనక ఆ మోపెడ్, అన్నీ ఈ ఊరు చూసింది. ఉద్యోగం ఇప్పించినాయన్నే జైలుకు పంపిందని రేపు నిన్నే అంటారు. నేను ఆయనకు కూడా ఏమీ చెప్పలేదు. చెబితే పోయి కంగారులో ఏదో చేస్తాడు, దొరికిపోతాడు. మాట ఇక్కడితో చల్లారనీ. బాబాయ్ పేరు రాసిన నా మొదటి ఉత్తరం పొయ్యిలో పెట్టు.

అమ్మీకి కూరల పేర్లు చెప్పాను. సంతోషించింది.

నౌషాద్


బేస్ క్యాంపు
11 ఫిబ్రవరి, మంగళవారం

భాయ్,

పోయిన వారం కోపం వచ్చి ఉత్తరమే రాయలేదు. ఈ ఉత్తరం కోపంతో కాదు.

నిన్న పొద్దున సుబ్బారావు బాబాయ్ చేను వెనక వాగు దోవలో వెళ్తున్నాం. ముందు అంకన్న, వెనక నేను, ఆ వెనక ఇద్దరు. మెత్తటి మట్టిలో పులి అడుగు కనబడింది. నేను కొలత తీసుకోవాలి కదా, దాన్ని తొక్కకూడదని అంకన్న దోవ వదిలి పక్కకు అడుగు వేశాడు. అక్కడ ఆకుల కింద ఉరి ఉంది. కాలికి పడి, తూలి, బండ మీంచి వాగులోకి పడ్డాడు. పూర్తిగా పడనూ లేదు. తల కిందుగా, ఒక్క మడమ మీద వేలాడాడు.

ఆయన బరువంతా వైరు మీదే ఉంది. లాగే కొద్దీ బిగుస్తోంది. ఇద్దరు వాగులోకి దిగి ఆయన్ని భుజాల మీద పైకి ఎత్తారు. నేను బండ మీద బోర్లా పడుకుని గుండును లోపలికి నెట్టి, ఎడమకు అర చుట్టు తిప్పాను. నెత్తుటికి వేళ్ళు జారాయి. మూడోసారికి వదిలింది. రెండు కర్రలకు దుప్పటి కట్టి ఏడు కిలోమీటర్లు రోడ్డు దాకా మోసుకొచ్చాం. దారంతా ఆయన "అమ్మా, రాళ్ళుండాయి, సూసి" అని మాకు దోవ చెబుతూనే ఉన్నాడు. నరసరావుపేట ఆసుపత్రిలో చేర్చారు. తుంటి విరిగింది, మడమ నరం తెగింది. ఇక అడవిలో నడవలేడని డాక్టర్ చెప్పాడట. పొద్దున జీపు కొత్త వాచర్ని తెచ్చింది, కబురు కూడా అదే తెచ్చింది, ఈ ఉత్తరం దాంట్లోనే పంపుతున్నాను.

నువ్వు కాల్చెయ్యమన్న ఉత్తరం నా ట్రంకు పెట్టెలో ఉంది. అది వచ్చింది ఇరవై అయిదున. అంకన్న పడింది పదిన. మధ్యలో పదహారు రోజులు. నువ్వు చెబుతావని వారం చూశాను. నువ్వు చెప్పలేదని తెలిశాక నేను ఇవ్వాలి. ఇవ్వలేదు. ఆ వాగు దోవ బాబాయ్ చేను వెనకే అని నాకు తెలుసు, అంకన్నకు తెలియదు. తెలిసిన నేను వెనక నడిచాను. నువ్వు అబద్ధమాడావు, నేను నిజం దాచాను. నాదే పెద్ద తప్పు, నిజం రాయడానికే నాకు జీతం ఇస్తున్నారు.

శనివారం మేడం వస్తారు. ఉత్తరం ఇచ్చేస్తాను. నీకు నాలుగు రోజులున్నాయి. ముందే వెళ్ళి నువ్వే చెబితే, పట్టుబడ్డావని అనరు, ఒప్పుకున్నావంటారు. నేను నీకు ఉచ్చు వేయలేదు భాయ్. వేసి ఉంటే ఆ మొదటి వారమే ముగిసిపోయేది, అంకన్న నడిచేవాడు.

ఇష్రత్


మాచర్ల
14 ఫిబ్రవరి 2025

ఇష్రత్,

బుధవారం షాపు తీయలేదు. బత్తాయిలు తీసుకుని నరసరావుపేట వెళ్ళాను. ఇష్రత్ అన్ననని చెప్పగానే అంకన్న లేవబోయాడు. లేవలేడు కదా, తల మాత్రం ఎత్తాడు.

"ఆయమ్మ లేకుంటే నా కాలు ఊడొచ్చేది సామీ" అన్నాడు. తర్వాత తనే, "ఎవురు కట్టినారో గానీ చానా మంచి పనోడు. పుట్టినకాడి నించి తాళ్ళు కడతండా, అట్టా కట్టడం నా వల్ల గాదు" అన్నాడు. ఇన్నేళ్ళలో నా ముడిని అంత బాగా మెచ్చుకున్నవాడు లేడు. నేనే కట్టానని చెప్పాను.

ఆయన తిట్టలేదు. "ఇంకా ఎన్నుండాయి సామీ?" అని అడిగాడు. అక్కడి నుంచి తిన్నగా సుబ్బారావు బాబాయ్ చేనికి వెళ్ళాను.

సగం చేను పందులు పడుకోబెట్టేశాయి. ఆయన గట్టు మీద కూర్చుని ఉన్నాడు. "పందులకే పెట్టాన్రా నౌషాదూ. ఎలుగు చచ్చినాక తీసేద్దామనుకున్నా. ఫారెస్టోళ్ళు తిరగతంటే భయమేసి అటు పోలా" అన్నాడు. నేను ఇచ్చినవి ఇరవై. మీరు తీసినవి ఏడు, ఎలుగుది ఒకటి, అంకన్నది ఒకటి. ఇద్దరం పొద్దుగూకే దాకా తిరిగితే ఆరు దొరికాయి. మిగతా అయిదు ఎక్కడ పెట్టాడో ఆయనకు గుర్తు లేదు. ఆకు రాలి దోవలు మారిపోయాయంటాడు. ఆ ముసలాయన చెట్టు చెట్టుకూ వంగి చూస్తుంటే నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది.

నిన్న ఇద్దరం ఒకే మోపెడ్ మీద మీ ఆఫీసుకు వెళ్ళి అంతా చెప్పాం. ఆయన్ని గురజాల కోర్టుకు తీసుకెళ్ళారు. నేను సాక్షినో ముద్దాయినో ఇంకా తేల్చలేదు. జీపు ఎక్కుతూ బాబాయ్ నాతో, "అమ్మాయినేమీ అనబాక. నడిచేటప్పుడు పక్కలకు చూడబాకని నేర్పింది నేనేగా" అన్నాడు.

ఒకటి నీకు చెప్పాలి. కంచెకైతే వైరు రెండు చివరలా కన్ను కావాలి, ఒకవైపే ఎందుకు చాలన్నాడో, ఒక్కసారైనా అడగలేదు. అడిగితే తెలిసేది. తెలిస్తే ఇవ్వకూడదు. ఇవ్వనంటే ఆయన మొహం చిన్నబోతుంది. అందుకే అడగలేదేమోనని ఇప్పుడనిపిస్తోంది. నీ మీద అంతంత మాటలు రాశాను. వాటిని వెనక్కి తీసుకునే కిటుకు నాకు తెలియదు.

అంతా నేనే చెప్పేశాను కనుక ఇంక ఆ ఉత్తరం అవసరం లేదు. చింపెయ్. నీ దగ్గర అన్ని రోజులు ఉందని ఎవరికీ తెలియాల్సిన పని లేదు. మీ మేడంను అడిగి నన్ను అడవిలోకి రానిస్తే ఆ అయిదూ నేను వెతుకుతాను.

నౌషాద్


బేస్ క్యాంపు
1 మార్చి 2025, శనివారం

భాయ్‌కి సలాం.

ఉత్తరం చింపలేదు. ఆ శనివారమే మేడంకు ఇచ్చాను. మొత్తం చదివి, మళ్ళీ పైకి వెళ్ళి తేదీ చూశారు. "ఇరవై అయిదునే నీ దగ్గరుందా?" అన్నారు. ఉందన్నాను. "ఆ రోజే ఇచ్చుంటే" అని, మిగతాది అనకుండా కాగితం మడిచి ఫైల్లో పెట్టారు. తిట్టినా బాగుండేది. మెమో వచ్చింది, సంజాయిషీ రాశాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో నెలలో తేలుతుంది. అమ్మీకి అప్పుడే చెబుదాం.

నిన్ను అడవిలోకి రానివ్వడం కుదరదట, కేసు ఉంది కదా. వెతుకుతున్నది మేమే. నాలుగు దొరికాయి. రెండు వాగు అవతల, ఒకటి రేగు పొదల్లో, ఒకటి పులి అడుగు చూసిన చోటికి పది బారల దూరంలో. అన్నీ నా చేత్తోనే విప్పాను.

ఒకటి దొరకలేదు.

రోజూ పొద్దున అదే అంచు వెంట నడుస్తున్నాను. ఇప్పుడు ముందు నేనే నడుస్తున్నాను, కర్రతో ఆకులు కదుపుతూ. మోదుగలు పూశాయి, నేలంతా రాలిన ఆకే. రేపటి నుంచి రంజాన్ రోజాలు. ఉపవాసంతో అంత దూరం తిరగొద్దని అమ్మీ కబురు పంపింది. తిరగక తప్పదు. పోయిన వారం ఉత్తరంలో సెలవు పెట్టి రమ్మన్నావు. అది దొరికేదాకా ఏ మొహంతో సెలవు అడగను? అంకన్నను చూడటానికి వెళ్ళినప్పుడల్లా ఎన్ని మిగిలాయని అడుగుతున్నాడని రాశావు. ఈసారి అడిగితే ఒకటని చెప్పు. దాచొద్దు.

ఒక సంగతి అడగాలి. అది మాకు ఎప్పటికీ దొరకలేదనుకో. ఎండకూ వానకూ తుప్పుపట్టి, దానంతట అదే తెగిపోవడానికి ఎన్నేళ్ళు పడుతుందో రాయి. ఈసారి ఊరికే అడగడం లేదు.

ఇష్రత్


మాచర్ల
7 మార్చి 2025

ఇష్రత్,

నీ ఉత్తరం అందింది. అమ్మీ తెల్లవారకముందే సహ్రీ తినడానికి లేచినప్పుడల్లా నీ పేరు తలుచుకుంటోంది.

అది తుప్పు పట్టదు. బాబాయ్‌వి పెద్దాయన చేతులు కదా, గరుగ్గా ఉంటే కోసుకుపోతాయని ఇరవైకీ గ్రీజు పట్టించి ఇచ్చాను.

చూసి నడువు.

నౌషాద్